కీమాలో తెల్ల గింజలు

ఆ వీధిలో మాంసం కొట్టు పెద్దాయన నాలుక గురించి తెలియనివాళ్ళు లేరు. ఉడికిన ముక్క ఒకటి నోట్లో పెడితే చాలు, అది ఏ భాగంలోదో, ముదురో లేతో, కోసి ఎంతసేపయిందో చెప్పేసేవాడు. కొనడానికి వచ్చేవాళ్ళు ఊరుకోలేక పందేలు కట్టేవాళ్ళు. ఇంటి దగ్గర వండిన కూర గిన్నెలో పట్టుకొచ్చి, "ఇదేంటో చెప్పండి చూద్దాం" అనేవాళ్ళు. ఆయన కళ్ళు మూసుకుని నమిలి, "తొడ. నా కొట్టుది కాదు. ఎక్కడ కొన్నావు, సిగ్గులేదూ?" అనేవాడు. కొట్టంతా గొల్లుమనేది.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే దుంగ మీద కత్తి దించబోయి, ఛాతీ పట్టుకుని కూలబడిపోయాడు. కొట్టులో ఆయన దగ్గర ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మనిషిని అందరూ నత్త అని పిలుస్తారు. ఏ పనికీ తొందరపడని మనిషి. ఆ రోజు అతను పరిగెత్తడం వీధి వీధంతా చూసింది.

ప్రాణానికి ప్రమాదం తప్పింది. ఆస్పత్రి నుంచి పంపేముందు డాక్టరమ్మ పెద్దాయననీ, కొడుకునీ, కోడలినీ కూర్చోబెట్టి చెప్పింది. గుండెకి రక్తం వెళ్ళే దారులు పూడుకుపోయాయి. మందులు వాడాలి. మాంసం వారానికి ఒక్కసారి, అదీ కొవ్వు లేకుండా.

"మరి బలం?" అన్నాడు పెద్దాయన.

"బలానికి ఎండు చిక్కుడు గింజలు తినండి, తెల్లవి. మాంసకృత్తులు బాగా ఉంటాయి, కొవ్వు దాదాపు ఉండదు. వాటిలో ఉండే పీచు రక్తంలో చెడ్డ కొవ్వుని తగ్గిస్తుంది. ఇనుము ఉంటుంది, పొటాషియం ఉంటుంది. కడుపు కూడా నిండుతుంది."

"గింజలు కోళ్ళకి వేస్తారు డాక్టరమ్మా. నేను కోళ్ళని తినే మనిషిని."

డాక్టరమ్మ నవ్వింది గానీ, కాగితం మీద మాత్రం మాట మార్చలేదు.

ఇంటికొచ్చాక ఆయన ఆ కాగితం వంక కన్నెత్తి చూడలేదు. మాంసం లేని పళ్ళెం ముందు పెడితే ముఖం మాడ్చుకుని లేచిపోయేవాడు. లేచినవాడు తిన్నగా కొట్టుకి వెళ్ళి, వెనక గదిలో పొయ్యి మీద కొవ్వు ముక్కలు వేయించుకుని తినేవాడు. కొడుకు అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. అతను కోల్డ్ స్టోరేజీ వ్యాను నడుపుతాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రోడ్ల మీదే. తండ్రి ఏం తింటున్నాడో కాపలా కాసే తీరిక అతనికి లేదు.

కోడలు బస్సు డిపో క్యాంటీన్‌లో వంట చేస్తుంది. అక్కడ తెల్ల చిక్కుడు గింజలు బస్తాల్లో వస్తాయి. డ్రైవర్లకీ కండక్టర్లకీ వాటిని వండి పెట్టడం ఆమెకి రోజూ ఉండే పనే. వాటికంటూ గట్టి రుచి ఉండదనీ, దేనిలో వేస్తే దాని రుచి పట్టుకుంటాయనీ ఆమెకి బాగా తెలుసు. ఒకరోజు భోజనాల దగ్గర తండ్రి పళ్ళెం తోసేసి వెళ్ళిపోయాక, కొడుకు విసుగ్గా, "ఈయనకి తెలియకుండా కీమాలో కలిపేసి పెట్టాలి గింజల్ని. అప్పుడు గానీ దారికి రాడు" అన్నాడు. అతను మాటవరసకే అన్నాడు. ఆమె మాత్రం చేతిలో గరిటెతో అలాగే నిలబడి, ఎలా చేస్తే తెలియకుండా ఉంటుందా అని ఆలోచించింది.

కీమా ఉండలంటే మామగారికి ప్రాణం. అందుకని వాటితోనే మొదలుపెట్టింది. గింజల్లో మట్టిబెడ్డలూ పుచ్చులూ ఏరేసి రాత్రంతా నానబెట్టింది. ఉబ్బి రెట్టింపయ్యాక నానిన నీళ్ళు పారబోసింది. ఆ నీళ్ళతోనే వండితే కడుపు ఉబ్బరిస్తుంది, గుట్టు అక్కడే బయటపడుతుంది. కొత్త నీళ్ళు పోసి మొదట పెద్ద మంట మీద తెర్లనిచ్చింది. పచ్చిదనం పోవాలంటే ఆ మరుగు కావాల్సిందే. పైకి తేలిన నురుగు తీసేసి, ఆ తర్వాత మంట తగ్గించింది. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే వెన్నలా నలిగేదాకా ఉడికించి, గుడ్డలో వేసి నీరు పిండి, మెత్తగా మెదిపింది. బాగా నల్లగా వేయించిన ఉల్లిపాయ, కాస్త బీట్‌రూట్ రసం రంగు కోసం, కొవ్వు తీసేసిన ఎముకల చారు వాసన కోసం. మూడొంతులు కీమా, ఒక వంతు గింజల ముద్ద. ఉండలు చేసి పెనం మీద కాల్చింది. చూడ్డానికి తేడా ఏమీ కనపడలేదు.

పెద్దాయన మొదటి ఉండ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. రెండుసార్లు నమిలి ఆగాడు.

"ఇది ఎక్కడి ముక్క అమ్మాయ్?"

"భుజం, మామయ్యా. మన కొట్టుదే. నత్తే కొట్టి ఇచ్చాడు."

"భుజమా?" అన్నాడాయన. ఇంకో ముక్క తుంచుకుని వాసన చూశాడు. "మెత్తగా ఉందేంటి? పిండేమైనా కలిపావా?"

ఆమె జవాబు వెతుక్కుంటోంది. ఆ లోపే కొడుకు నవ్వుతూ అందుకున్నాడు. "పిండేంటి నాన్నా! నీ చేతి కిందే కోసిన మాంసం. నీ నాలుకకి ఏమైంది?"

పెద్దాయన ఉండలన్నీ తినేశాడు. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకున్నారు. ఆ పూట వాళ్ళకి పెద్ద గెలుపులా అనిపించింది. ఇంట్లోనే కీమా దొరుకుతుంటే పెద్దాయన కొట్టు వెనక గదిలో కొవ్వు వేయించుకోవడం మానేశాడు.

ఆ తర్వాత కోడలు మెల్లగా గింజల వంతు పెంచుతూ పోయింది. సగానికి సగం చేసింది. కొన్నాళ్ళకి మూడొంతులు గింజలూ ఒక వంతు మాంసం అయ్యాయి. చారు చిక్కబడటానికీ గింజల ముద్దే, రొట్టె మీద రాసుకునే మాంసం ముద్దలోనూ అదే. ఆయన అప్పుడప్పుడూ అడిగేవాడు, ఇది పక్కటెముకల దగ్గరిదా అని, మెడ దగ్గరిదా అని. ప్రతిసారీ తప్పు చెప్పేవాడు. తప్పు కాక ఏం చెప్తాడు, అందులో మాంసం నిండుగా ఉంటే కదా! "కాదు మామయ్యా, భుజం" అని ఆమె అనేది. "అవునా?" అని ఆయన తల వంచుకుని తినేవాడు. కొన్నాళ్ళకి అడగడం మానేశాడు. మామయ్య సర్దుకున్నాడనుకుని ఆమె ఊపిరి పీల్చుకుంది.

డాక్టరమ్మకి మళ్ళీ చూపించుకునే రోజు వచ్చింది. కోడలే తీసుకెళ్ళింది. రక్తపరీక్ష ఫలితాలు చూసి డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. "చాలా బాగా తగ్గింది కొవ్వు! మొత్తానికి నా మాట విన్నారన్నమాట. గింజలు తింటున్నారా?"

"నేనెందుకు తింటాను? మందుల వల్ల అయ్యుంటుంది" అన్నాడాయన. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "ఈ మందులకి నాలుక చచ్చిపోతుందా డాక్టరమ్మా?"

"అంటే, రుచి తెలియట్లేదా?"

"తెలుస్తోంది. ఉప్పు తెలుస్తోంది, కారం తెలుస్తోంది. మాంసం తెలియట్లేదు."

డాక్టరమ్మ మందుల చీటీ మళ్ళీ చదివింది. "కొందరికి కొంచెం తగ్గుతుంది. మీ వయసు కూడా ఉంది కదా. కంగారు పడకండి, చూద్దాం."

కోడలు పక్కనే కూర్చుని ఉంది. ఆ క్షణాన నోరు విప్పితే సరిపోయేది. కానీ చేతిలో ఉన్న కాగితం మీద అంకెలు బాగున్నాయి. ఇప్పుడు చెబితే ఈ అంకెలు మళ్ళీ పెరుగుతాయి, మళ్ళీ ఛాతీ పట్టుకుంటాడు. అలా తనకి తాను నచ్చజెప్పుకుని మామగారి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

వారం తిరక్కుండానే నత్త ఆమెని క్యాంటీన్ గుమ్మం దగ్గర కలిశాడు. కొట్టు వదిలి అంత దూరం వచ్చాడంటేనే ఏదో ఉందని ఆమెకి అర్థమైంది.

"అమ్మా, పెద్దయ్య బాగోలేడు" అన్నాడు.

"ఏమైంది? నొప్పి వచ్చిందా?"

"నొప్పి కాదు. పొద్దున మాంసం లోడు వస్తే నన్ను వాసన చూడమంటున్నాడు. 'బాగుందా రా? నిజం చెప్పు' అంటున్నాడు. నేనేం చెప్పగలనమ్మా, ఇన్నేళ్ళూ ఆయన బాగుందంటే బాగుంది, లేదంటే లేదు. మొన్న శుభ్రమైన మాంసాన్ని తిప్పి పంపేశాడు, ఎందుకైనా మంచిదని. టైలరమ్మ వచ్చి పులుసుకి ఏది బాగుంటుందని అడిగితే, 'నీకు నచ్చింది తీసుకోమ్మా' అన్నాడు. ఆవిడ తెల్లబోయింది. ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు."

ఆ రోజు ఆమె పని తొందరగా ముగించుకుని ఇంటికి బయల్దేరింది. మధ్యాహ్నపు ఎండ వంటగది కిటికీలోంచి లోపలికి పడుతోంది. మామగారు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చిన్న చిన్న గిన్నెలు. ఒకదానిలో ఉప్పు, ఒకదానిలో పంచదార, ఒకదానిలో వెనిగరు, ఒకదానిలో ఉడికిన మాంసం ముక్క, ఇంకోదానిలో ఉడికిన బంగాళాదుంప. కళ్ళకి తువ్వాలు కట్టుకుని, గిన్నెలని చేత్తో అటూ ఇటూ మార్చి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

అడుగుల చప్పుడు విని తువ్వాలు లాగేశాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లాడిలా ఉంది ముఖం.

"ఏం లేదమ్మాయ్, ఊరికే." పక్క కుర్చీ ఆమె వైపు జరిపాడు. "కూర్చో. వాడికి చెప్పకు. మా నాన్నకి కూడా ముందు నాలుకే పోయింది. కూరలో ఉప్పు లేదని మళ్ళీ మళ్ళీ వేసుకునేవాడు. మేం నవ్వేవాళ్ళం. కొన్నాళ్ళకి కొట్టు దారి మర్చిపోయాడు. ఆ తర్వాత ఒకరోజు మా అమ్మ అన్నం పెడుతుంటే, 'ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లో ఏం పని నీకు?' అన్నాడు." ఆయన గిన్నెలు ఒకదానిలో ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. "నాకూ అదే మొదలైంది. చిత్రమేంటంటే, ఇలా విడిగా ముక్క తింటే మాంసమని తెలుస్తోంది. మీతో భోజనానికి కూర్చుంటే తెలియట్లేదు. అంటే బుర్రలో ఏదో పోతోందన్నమాట."

"అలాంటిదేం కాదు మామయ్యా" అంది. ఆయన చేతిలోంచి గిన్నెలు తీసుకుని కడగడానికి వెళ్ళింది.

సాయంత్రం మొగుడు రాగానే పెరట్లోకి లాక్కెళ్ళి మొత్తం చెప్పింది. "ఇప్పుడే చెప్పేద్దామండీ. ఆయన తనకి పిచ్చెక్కుతోందనుకుంటున్నారు."

అతను గోడకి ఆనుకున్నాడు. "చెప్తే ఏమవుతుందో తెలుసా? ఆ మర్నాడే పళ్ళెం నిండా కొవ్వు వేయించుకుంటాడు. మనమీద కోపంతో రెట్టింపు తింటాడు. డాక్టరమ్మ ఏమందో నువ్వే చెప్పావుగా. ఇంకో నెల ఆగు. నాలుక సంగతి నేను మాట్లాడతాలే, వయసుకి అందరికీ ఉండేదేనని నచ్చజెప్తాను."

"నచ్చజెప్పడం కాదు, మనమే కదా ఆయన్ని…"

"మనమే ఆయన్ని బతికించాం!" అని అతను విసురుగా లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె ఆగింది. ఆగినన్ని రోజులూ నిద్ర పట్టలేదు. కీమా కలపడం మానేసి, తనకి జ్వరమని వంకపెట్టి రొట్టె, కూరగాయలు పెట్టింది. మామగారు ఏం పెడితే అది తిన్నాడు. అదే ఆమెకి మరీ భయమేసింది. చివరికి ఒకరోజు క్యాంటీన్‌లో గింజలు ఏరుతూ ఏరుతూ లేచి, చెయ్యి తుడుచుకుని, పక్కామెకి పొయ్యి అప్పజెప్పి ఇంటిదారి పట్టింది. మొగుడు ఏమన్నా అననీ, ఈ రోజు చెప్పేయాల్సిందే అనుకుంది.

పెద్దాయన ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. ఆ వేళప్పుడు కొట్టులో ఉండాల్సిన మనిషి. పక్కన గుడ్డలో చుట్టిన కత్తులు. ఆమె అదేమీ పట్టించుకోలేదు. సంచిలోంచి గుప్పెడు తెల్ల గింజలు తీసి ఆయన ముందు బల్ల మీద పోసింది.

"మామయ్యా, మీ నాలుకకి ఏమీ కాలేదు. మీ బుర్రకీ ఏమీ కాలేదు. మీరు తిన్నది మాంసం కాదు. ఇవి. నేనే కలిపాను."

ఆయన గింజల వంక చూశాడు. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఎంత?"

"మొదట్లో పావు వంతు. తర్వాత సగం. ఈమధ్య మూడొంతులు ఇవే."

"నత్తకి తెలుసా?"

"తెలియదు."

"మావాడికి?"

ఆమె తల దించుకుంది. "తెలుసు."

"వాడు నవ్వుతూ అన్నాడు, నీ నాలుకకి ఏమైందని." ఆయన గొంతు పెంచలేదు. "ఆ రోజే అనిపించింది నాకు పిండని. నోటితో అన్నాను కూడా. మీరు కాదన్నారు. ఇంట్లోవాళ్ళు అబద్ధమెందుకు చెప్తారులే అనుకుని, నన్నే కాదనుకున్నాను."

"తప్పయిపోయింది మామయ్యా. మీ గుండె కోసం…"

"కొట్టు తాళాలు పొద్దున్నే ఇచ్చేశాను" అన్నాడాయన. "పక్క చేపల కొట్టాయనకి అమ్మేశాను. సంతకాలు కూడా అయిపోయాయి. చెడిపోయిన మాంసం ఏ తల్లికో తెలియక ఇచ్చి, పిల్లలకి ఏదైనా అయితే ఏం చేస్తానని."

ఆమె అలాగే నేలమీద కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం కొడుకు ఇంట్లో అడుగుపెట్టేసరికి పెద్దాయన గుమ్మంలోనే నిలదీశాడు. అప్పటిదాకా అణుచుకున్నదంతా బయటికొచ్చింది. నిప్పులు చెరిగాడు. కొడుకు కాసేపు విన్నాడు, తర్వాత అతనూ అరిచాడు.

"ఏం చేశాం నాన్నా? విషం పెట్టామా? బతికున్నావుగా!"

"బతికున్నానని నీకెవరు చెప్పార్రా? ఆ రిపోర్టా? నీ ఎదురుగా కూర్చుని రోజుకింత మతి పోతోందని వణికిపోయాను నేను. నువ్వు చూస్తూ తిన్నావు."

కొడుకు షర్టు కూడా విప్పకుండా మళ్ళీ బయటికి వెళ్ళి వ్యానులో కూర్చున్నాడు.

మర్నాడు కోడలూ కొడుకూ చేపల కొట్టాయన దగ్గరికి వెళ్ళారు. ఆయన చెడ్డవాడు కాదు. అయితే అప్పటికే రెండు కొట్ల మధ్య గోడ కొట్టించడం మొదలుపెట్టాడు. దుమ్ములో నిలబడి, నత్త పాత దుంగని పక్కకి దొర్లిస్తున్నాడు. "ఇప్పుడెలా వెనక్కి ఇస్తానమ్మా? పెద్దాయన్ని వచ్చి కూర్చోమనండి. ఆయనుంటే నాకూ గౌరవమే" అన్నాడు చేపల కొట్టాయన. ఆ మాట చెబితే పెద్దాయన, "నా కొట్టులో నేను చుట్టంలా కూర్చోవాలా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కొడుకు భయపడినట్టే జరిగింది, కొంతవరకు. ఆయన తన వంట తనే చేసుకోవడం మొదలుపెట్టాడు. కొవ్వు ముక్కలు వేయించుకుని, ఇల్లంతా పొగ చేసి, కావాలనే కొడుకు వచ్చే వేళకి పళ్ళెం ముందు పెట్టుకునేవాడు. అయితే సగం కూడా తినలేకపోయేవాడు. కోపంతో మొదలుపెట్టినదాన్ని ఆకలి లేక వదిలేసేవాడు. ఒకసారి మెట్లెక్కుతూ ఆగి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని చాలాసేపు నిలబడ్డాడు. కోడలు కిందనుంచి చూసింది. పరిగెత్తుకుంటూ వెళ్ళడానికి కూడా ఆమెకి ధైర్యం చాలలేదు. ఆయన కూడా ఆమెని చూశాడు. ఒక్కో మెట్టూ ఎక్కి గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆమె తమకోసం గింజలు నానబెట్టుకుని, నీళ్ళు వంపుతుంటే, వెనక ఆయన గొంతు వినిపించింది.

"ఇవేనా?"

"ఇవే మామయ్యా."

నానిన గింజ ఒకటి తీసి, తొక్క ఊడదీసి, పప్పు రెండుగా విడదీసి చూశాడు, ముక్కలో నరం ఎక్కడుందో చూసినట్టు. "వండు. దేనిలోనూ కలపకు. ఎలా వండుతావో నేను చూడాలి."

స్టూలు లాక్కుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. నీళ్ళు తెర్లడం, నురుగు తియ్యడం, మంట తగ్గించడం, అన్నీ చూశాడు. ఉడికాయో లేదో చూడ్డానికి ఆమె ఒక గింజ వేళ్ళ మధ్య నొక్కబోతే తనే అందుకుని నొక్కాడు. ఉల్లిపాయ, టమాటా, మిరియాలు వేసి, గింజలు గింజలుగానే కనపడేలా వండి, పళ్ళెంలో పెట్టింది. ఆయన నమిలాడు. ఆమె నిలబడే ఉంది.

"వీటికి సొంత రుచి లేదు" అన్నాడు చివరికి. "అబద్ధాలకి బాగా పనికొస్తాయి."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన తల ఎత్తలేదు. కానీ పళ్ళెం ఖాళీ చేశాడు.

అప్పటినుంచి ఆయన తన నియమం తనే పెట్టుకున్నాడు. మాంసం ఆదివారం మాత్రమే, అదీ తను కొని తెచ్చుకున్నది. మిగతా రోజుల్లో గింజలో, కూరగాయలో, ఏది పెడితే అది. డాక్టరమ్మ దగ్గరికి మాత్రం ఒక్కడే వెళ్తున్నాడు. అక్కడ ఏం చెప్తున్నారో ఇంట్లో చెప్పడు. సాయంత్రాలు నత్త వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటాడు. ఇద్దరూ పాత గిరాకీల గురించి మాట్లాడుకుంటారు. కొట్టు మాట ఎత్తరు. కొడుకుతో ఆయనకి ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, అంతవరకే. కొడుకు రెండుసార్లు క్షమించమని అడగబోయాడు. రెండుసార్లూ ఆయన లేచి వెళ్ళిపోయాడు.

కోడలు వంట ముగించి, గిన్నెలు బల్ల మీద పెట్టి పిలుస్తుంది. ఆయన వచ్చి, కూర్చోడానికి ముందు ఒక్కో గిన్నె మూతా తీసి, వంగి వాసన చూస్తాడు. గరిటెతో అడుగుదాకా కలిపి చూస్తాడు. ఆ కాసేపూ ఆమె చేతులు కట్టుకుని పక్కకి జరిగి నిలబడుతుంది. కొడుకు తన పళ్ళెం వైపే చూస్తూ ఉంటాడు. చూడటం అయ్యాక పెద్దాయన మూతలన్నీ ఒక పక్కన పెట్టి, "ఊ, వడ్డించు" అంటాడు.